రెండో పేజీ

జూన్ 3

ఒరేయ్ నసుగుడూ,

క్షేమమే కదా? నీ వంతు వచ్చేదాకా ఆగితే నా జుట్టంతా నెరుస్తుంది, అంటే మిగిలిన ఆ నాలుగు వెంట్రుకలూను. అందుకే ముందు నేనే రాస్తున్నాను.

ఒక్క మాట ముందే చెబుతున్నా. నీ ఉత్తరంలో అసలు సంగతి ఎప్పుడూ రెండో పేజీలోనే ఉంటుంది. మొదటి పేజీ నిండా వానలు, పెన్ను సరిగ్గా రాయకపోవడం, మీ ఇంటి ఓనరు దగ్గు. వీడికి దాహం వేస్తే ముందు బావి ఎంత లోతో చెబుతాడని అమ్మ ఊరికే అందా? ఈసారి అలా చేయకు. నాకు ఓపిక లేదు.

మీ బావ ఊపిరితిత్తులు రెండూ పాడైపోయాయట. డాక్టరు ఏదో చెప్పాడు, నాకు వినపడలేదని కాగితం మీద రాసిచ్చాడు. "నెలన్నర. మహా అయితే రెండు." ఆ కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని తిరుగుతున్నా.

బస్సులో ముప్పై ఏళ్లు స్టాపుల పేర్లు అరిచిన గొంతురా అది. మిల్లులో మగ్గాల మోతకి నా చెవులు పోయాక, నాకు వినపడే గొంతు లోకంలో అదొక్కటే మిగిలింది. ఇప్పుడది లేదు. పెదాలు కదులుతాయి, అంతే. ఒక పలక కొన్నాను. ఆయన రాస్తే నేను చదువుతాను. చెవిటిదానికీ మూగాయనకీ కాపురం. చూడ్డానికి రా, టికెట్ లేదు.

నవ్వించాలని రాశాను గానీ నవ్వు రావట్లేదు. ఆయన భయపడుతున్నారు. నేను వంటింట్లోకి వెళితే చాలు, నన్ను పిలవడానికి పలకని మంచం కోడుకేసి కొడుతున్నారు. నాకు వినపడదు కదా. తిరిగొచ్చేసరికి పలక అంచు ఇంకాస్త విరిగి ఉంటుంది.

మొన్న ఇలా రాశారు, ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నా: "మీ తమ్ముడు పెళ్ళాం పోయాక ఆర్నెల్లు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత లేచాడు. ఎలా లేచాడో అడుగు."

అడుగుతున్నా. చెప్పు.

అక్క


జూన్ 11

అక్కా,

నీ ఉత్తరం అందింది.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. ఈ నెల పద్నాలుగు పెట్టుడు కాళ్లు చేసివ్వాలి. ఒక వెల్డర్ వచ్చాడు, నలభై ఏళ్లుంటాయి, ఎడమకాలు మోకాలి కిందకి తీసేశారు. మా పని ఎలా మొదలవుతుందో నీకు చెప్పానుగా? ప్లాస్టర్ కట్టు నీళ్లలో ముంచి మిగిలిన కాలి చుట్టూ చుడతాం. అది వెచ్చబడి, గట్టిపడి, అచ్చు దిగేదాకా రెండు చేతుల్తో పట్టుకుని కదలకుండా ఉండాలి. ఐదు నిమిషాలు. గదిలో అతనూ నేనే. ఎటు చూడాలో ఇద్దరికీ తెలియదు.

ఆ ఐదు నిమిషాల్లో నా పెదాలు కదులుతాయట. "నా కాలు చూసి ఏమిటయ్యా సణుగుతున్నావు?" అన్నాడు. నిమిషాలు లెక్కపెడుతున్నానని చెప్పాను.

పేజీ తిప్పావా? సరే. బావ అడిగినదానికి ఏం చెప్పను అక్కా? కాలమే మాన్పుతుంది. పనిలో పడ్డాను, మెల్లగా లేచాను. అంతకంటే ఏమీ లేదు. బావని ధైర్యంగా ఉండమను. దిండు ఎత్తుగా పెడితే ఆయాసం తగ్గుతుందంటారు.

నీ తమ్ముడు


జూన్ 19

ఒరేయ్,

కాలం మాన్పుతుందా? ఎవరికి చెప్పమంటావురా? కాలం లేనాయనకా? నీ ఉత్తరం చూపిస్తే చదివి పలక బోర్లా పెట్టేసి గోడవైపు తిరిగారు. దిండు ఎత్తు సంగతి మాకు తెలియకనా, తాతకు దగ్గులు నేర్పకు.

నువ్వేదో దాస్తున్నావు. మీ సందు చివర నాతో మిల్లులో పనిచేసినావిడ ఉందిగా, ఆవిడ రాసింది. ప్రతి ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, చంకలో సంచి పెట్టుకుని, అటూ ఇటూ చూసుకుంటూ వెళతావట. మధ్యాహ్నానికి మొహం వెలిగిపోతూ తిరిగొస్తావట. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగితే ఊరికి తెలియదనుకుందట. ఎవర్రా ఆవిడ? తప్పేమీ లేదు. మరదలు పోయి నాలుగేళ్లయింది, నీకా యాభై నిండలేదు. ఈ మాట మీ బావకి చెబితే నెలరోజులకి మొదటిసారి పళ్లు కనిపించేలా నవ్వారు. "వాడు లేచింది ఇలాగా!" అని పలక మీద రాసి కింద రెండు గీతలు కొట్టారు. నవ్వు దగ్గయింది, దగ్గు రక్తమైంది. ఆ మాట వదిలెయ్.

నిన్న ఆసుపత్రికి తీసుకెళితే వరండాలో ఎవరో కాగితాలు పంచుతూ వచ్చారు, దేవుడూ మోక్షమూ అంటూ. మరదలు పోయిన రోజు ఒకడి చేతిలోంచి లాక్కుని చించిపారేశాను చూడు, అలాంటివాళ్లే. చావు దగ్గర దుకాణం పెడతారు. ఈసారి చించే ఓపిక కూడా లేక ఊరుకున్నా.

ఆవిడ సంగతైనా సరే, ఇంకోటైనా సరే. మీ బావ అడిగినదానికి నిజం రాయి.

అక్క


జూన్ 27

అక్కా,

వారం నుంచి ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపేస్తున్నాను. ఇక్కడ ఎండలు తగ్గలేదు. మా సూపర్‌వైజర్‌కి కొత్త కళ్లజోడు వచ్చింది, ఇప్పుడు మా తప్పులన్నీ పెద్దవిగా కనిపిస్తున్నాయి.

వెల్డర్‌తో గొడవైంది. మొదటి అచ్చు సరిగ్గా దిగలేదని రెండోసారి పిలిచాను. ఈసారి ఆయన గోడ గడియారం చూస్తూ కూర్చుని, అచ్చు ఊడదీశాక, "నీ లెక్క ఎంతయింది?" అన్నాడు. నేను చేతులు కడుక్కోవడానికి అటు తిరిగాను. "నా కాలు పనికిరాదని నీలో నువ్వే అనుకుంటున్నావు, నా మొహాన అనడానికి నోరు రావట్లేదు" అని చేతికర్రల మీద లేచి వెళ్లిపోయాడు. సూపర్‌వైజర్‌కి ఫిర్యాదు కూడా చేశాడు. కాలు తయారైంది గానీ ఆయన రావట్లేదు. చీటీ కట్టి అరలో నిలబెట్టాం.

ఆదివారం సంగతి. నువ్వేమనుకున్నావో అదే అనుకో. ఇంతకంటే అడగకు.

రమ్మన్నావు. సెలవు దొరకట్లేదు. బావకి నా నమస్కారం.

నీ తమ్ముడు


జూలై 6

తమ్ముడూ,

నిన్ను వెక్కిరించే ఓపిక కూడా పోయింది. పేరుపెట్టి తిట్టలేదంటేనే తెలుసుకో.

మీ బావ అక్షరాలు పెద్దవైపోయాయి. పలక మీద మూడు మాటలు పట్టడం గగనం. నిన్న రాసింది ఐదు సార్లు తుడిచి తుడిచి రాశారు. నేను కలిపి ఎక్కిస్తున్నా: "ముప్పై ఏళ్లు అందరికీ వాళ్ల స్టాపు ముందే చెప్పాను. ముసలాళ్లకి రెండుసార్లు చెప్పాను. నా స్టాపు ఏమిటో నాకు ఒక్కరూ చెప్పరేం?"

నాకేం తెలుసురా చెప్పడానికి? చేతులు పట్టుకుని కూర్చున్నా. మనిషి వణుకుతున్నారు, చలికి కాదు. నాకు తెలిసినవాళ్లలో చావు ఇంట్లోకొచ్చాక కూడా మళ్లీ నవ్విన మనిషివి నువ్వొక్కడివే. నువ్వేమో కాలమంటావు, అడగకంటావు, సెలవు లేదంటావు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు, తేడా ఏమిటంటే ఊదేదాన్నీ నేనే, చెవిటిదాన్నీ నేనే.

ఇంకో మాట. ఇది ఆయనకి చూపించకుండా రాస్తున్నా. ఆయన పోయాక ఈ లోకంలో నాకు చప్పుడనేది ఉండదు. ఆ తర్వాత ఎందుకుండాలో నాకు తోచట్లేదు. తలుపు గడియ పెట్టుకుని కూర్చుంటా, ఎవరు కొట్టినా వినపడదు కదా. బెదిరించడానికి రాయట్లేదు. నాకు నువ్వు తప్ప ఎవరున్నారని చెప్పుకోను?

అమ్మ పోయినప్పుడు నీకు ఆరేళ్లు. నిన్ను చంకనేసుకుని పెంచాను. ఇప్పుడు నీ దగ్గరేదో ఉంది, నాకివ్వట్లేదు.

అక్క


జూలై 13

అక్కా,

ఇక్కడ వానలు మొదలయ్యాయి. వర్క్‌షాపు కప్పు కారుతోంది, అచ్చుల గదిలో బకెట్ పెట్టాం. ప్లాస్టర్ ఆరడం లేదు. ఈ గాలికి ఏదీ ఆరదు. కాగితం కూడా చెమ్మగా ఉంది, పెన్ను జారుతోంది, చూసి చదువుకో.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని రెండు రోజులు తిరిగాను. మూడో రోజు అరలో వెల్డర్ కాలు కనిపించింది. మిగతా కాళ్లన్నీ మనుషులతో వెళ్లిపోయాయి, అదొక్కటే నిలబడి ఉంది. దాన్ని గోనెగుడ్డలో చుట్టుకుని ఆయన ఇంటికి బయల్దేరాను. గుమ్మం దాకా వెళ్లి ముందుకెళ్లిపోయాను. వెనక్కొచ్చి మళ్లీ దాటిపోయాను. మూడోసారి లోపల్నుంచి ఆయనే, "నా కాలుతో మా వీధిలో షికారేమిటయ్యా, లోపలికి రా" అన్నాడు.

గదిలో ఒక మంచం, ఒక స్టవ్వు, గోడకి వెల్డింగ్ ముసుగు. మంచం కింద కుడికాలి చెప్పు ఒక్కటే ఉంది. కూర్చోబెట్టాడు. చెప్పాను. "నేను లెక్కపెట్టలేదు. ఆ ఐదు నిమిషాలూ నీ కోసం ప్రార్థన చేశాను. అచ్చు తీసే ప్రతివాళ్లకీ చేస్తాను. మూడున్నరేళ్ల నుంచి."

ఆయన, "నా గురించే కదా?" అన్నాడు. అవునన్నాను. "మరి నేను వినకూడదా?" అన్నాడు.

అంతే అక్కా. ఆ ఒక్క మాటతో నా నోరు తెరుచుకుంది. ఆయనకి చెప్పిందే ఇప్పుడు నీకూ రాస్తున్నాను. పేజీ అయిపోయింది. తిప్పు.

బావకి కూడా ఇది చదివి వినిపించు. ముందు అబద్ధాలు కడిగేస్తాను. సెలవు దొరకలేదన్నాను. నేను అడగనే లేదు. బావ ఎదురుగా కూర్చుంటే ఆయన అడుగుతారని, నేను చెప్పాల్సి వస్తుందని భయం. ఆవిడంటూ ఎవరూ లేరు. ఆదివారం నేను వెళ్లేది చర్చికి. సంచిలో ఉండేది బైబిలు. నువ్వు ఆడమనిషి అనుకుంటే అదే నయమనుకుని ఊరుకున్నాను. చూడు నా సిగ్గు ఎలాంటిదో.

నువ్వు ఆ రోజు వరండాలో కాగితం చించావు కదా. ఆ ముక్కల్ని వార్డు ఊడ్చే ఆవిడ చీపురుతో ఎత్తింది. ఒక్క మాటనలేదు. చీపురు గోడకి ఆనించి, లోపలికొచ్చి, మా ఆవిడ పాదాలు పట్టుకుని చివరిదాకా కూర్చుంది. ఆర్నెల్ల తర్వాత గోడకేసి చూడలేక నేనే వెతుక్కుంటూ వెళ్లి, ఆ రోజు ఎందుకు కూర్చున్నావమ్మా అని అడిగాను. అడిగాను కాబట్టి చెప్పింది. బావ కూడా అడిగారు. మూడుసార్లు అడిగారు. నేను చెప్పలేదు. నువ్వు నన్ను ఆ కాగితాలవాళ్లలో కలిపేస్తావని, నన్ను పెంచిన చేత్తోనే నన్నూ చించేస్తావని.

బావా, ఇది మీకు. మీ స్టాపు అడిగారు. నాకు తెలిసింది చెబుతాను. అక్కడ చీకట్లో మిమ్మల్ని ఒంటరిగా దించెయ్యరు. మీ కోసం ఒకాయన నిలబడి ఉంటాడు. యేసు ప్రభువు. ఆయన ఆ దారిన మనకంటే ముందు వెళ్లాడు, చచ్చిపోయాడు, మళ్లీ లేచాడు. నేను దీన్ని నమ్మాను, దాని మీదే లేచాను. కాలం మీద కాదు. మీ టికెట్ ఆయనే ముందుగా కొనేశాడు, మీ దగ్గర చిల్లర ఉందా అని అడగడు. ఆయన్ని పేరు పెట్టి పిలవండి. గొంతు అక్కర్లేదు. పెదాలు కదిపితే చాలు.

ఇంకా బాగా చెప్పడం నాకు రాదు. సెలవు రేపు అడుగుతాను.

నీ తమ్ముడు


జూలై 22

ఒరేయ్,

మీ బావ పోయారు. పదిహేడో తేదీ పొద్దున, పది గంటలయ్యేలోపు.

నీ ఉత్తరం ఆ పొద్దునే వచ్చింది. తొమ్మిదిన్నరకి పోస్టు. విప్పి, మంచం పక్కన కుర్చీ లాక్కుని, గట్టిగా చదవడం మొదలుపెట్టాను. నా గొంతు ఎంత పెద్దగా వస్తుందో నాకు తెలియదు, వీధిలోంచి ఎవరో తొంగి చూశారు కాబట్టి పెద్దగానే వచ్చి ఉంటుంది. మీ వానలు చదివాను. బకెట్ చదివాను. పెన్ను జారడం చదివాను. ఎవరిదో కాలు, ఎవరి గుమ్మమో, నువ్వు మూడుసార్లు అటూ ఇటూ తిరగడం, అంతా చదివాను. "తిప్పు" అన్న మాట దగ్గర తలెత్తి చూశాను. కళ్లు తెరుచుకుని ఉన్నారు. నావైపే చూస్తున్నారనుకున్నా. రెండో పేజీ చదివాను. చెమ్మ కాగితం వాలిపోతోందని రెండు చేతులా పట్టుకున్నాను, లేకపోతే ఒక చెయ్యి ఆయన చేతిలో ఉండేది. అంతా అయ్యాక మళ్లీ తలెత్తాను. కళ్లు తెరుచుకునే ఉన్నారు.

ఎప్పుడు పోయారో నాకు తెలియదురా. ఏ వాక్యం దగ్గర పోయారో తెలియదు. ఇంకొకరైతే ఊపిరి ఆగడం వినేవాళ్లు. నాకు వినపడదు. పెదాలు కదిపితే చాలని రాశావు. కదిలాయేమో. నేను చూడలేదు. నేను నీ రాత చూస్తున్నాను.

అసలు మాట మొదట్లో ఎందుకు పెట్టలేదురా? చిన్నప్పట్నుంచి చెబుతూనే ఉన్నానే! ఒక్కసారి, ఒక్క ఉత్తరంలో, మొదటి లైన్లో రాసి ఉంటే! జూన్‌లో రాసి ఉంటే నెల రోజులు ఉండేవి ఆయనకి. నమ్మేవారో లేదో, పలక మీద నీతో వాదించేవారో, తిట్టేవారో. వణకడానికి బదులు ఏదో ఒకటి చేసేవారు కదా. నిన్ను కొట్టాలనుంది. పక్కన ఉంటే కొట్టేదాన్ని.

ఇంకోటి విను. నేను చించింది వాళ్ల దేవుణ్ణనుకున్నావా? నాలుగేళ్లు అదే అనుకుని కడుపులో పెట్టుకుని తిరిగావా? పిచ్చి సన్నాసీ. ఆ కాగితమతను మరదలి పేరైనా అడగలేదు. చేతిలో పెట్టి పక్క మంచానికి వెళ్లిపోతున్నాడు. అందుకు చించాను. పాదాలు పట్టుకుని కూర్చున్నావిడని నేనూ చూశాను. ఆవిణ్ణి నేను ఏమైనా అన్నానా?

నాకు నమ్మకం కుదిరిందని రాయట్లేదు. అలాంటిదేమీ లేదు. ఇల్లంతా నిశ్శబ్దం, నీకు అర్థం కాదు అది ఎలాంటిదో. పలక తుడవలేదు. రెండో పేజీ ఇప్పటికి పదిహేనుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ ఏ లైను దాకా విన్నారో అని ఆగిపోతున్నాను.

ఉత్తరాలు ఇక చాలు. కాగితం ఇచ్చి పక్క మంచానికి వెళ్లిపోకు. వచ్చి కూర్చో. వచ్చి నోటితో చెప్పు. సణిగితే నాకు వినపడదు, పెదాలు కదిపితే నాకు చాలదు. మీ బావ స్టాపులు అరిచినట్టు అరవాలి. మన వీధిలో ఇళ్లు ఎంత దగ్గరో నీకు తెలుసుగా, అందరూ వింటారు. సిగ్గైతే రాకు.

గడియ పెట్టుకున్నాను. నువ్వు తలుపు కొడితే వినపడదు. కిటికీ దగ్గరికొచ్చి చెయ్యి ఊపు.

అక్క


జూలై 26

యేసు ప్రభువు బతికే ఉన్నాడని నేను నమ్ముతున్నాను, అక్కా, నీకు చెప్పడానికి వస్తున్నాను.

మిగతాది దీని తర్వాతే. బావ ఏ లైను దాకా విన్నారో నాకూ తెలియదు. నిన్ను ఊరడించాలని తెలిసినట్టు రాయను. మొదటి పేజీ నాది, ఆ తప్పు నాది, జీవితాంతం మోస్తాను. నువ్వు కొట్టు.

సెలవు ఆ మర్నాడే అడిగాను, ఇప్పటికి ఇచ్చారు. ఎందుకని సూపర్‌వైజర్ అడిగితే ఇదే చెప్పాను, అచ్చుల గది దాకా వినపడింది. కొందరు నవ్వారు. ఒకరు నా దగ్గరికొచ్చి వాళ్లమ్మకి బాగాలేదని చెప్పారు. వెల్డర్ ఇవాళ వచ్చి కాలు తొడుక్కున్నాడు. నాలుగడుగులు వేసి, బిగుతుగా ఉందని తిట్టి, కూర్చున్నాడు. నీ సంగతి చెప్పి, వినపడుతుందో లేదో చూద్దామని ఆయన ముందు గట్టిగా అరిచాను. "చాలదు, ఇంకొంచెం" అన్నాడు.

గురువారం పొద్దున బండికి దిగుతాను. ఈ ఉత్తరం నాకంటే ఒక రోజు ముందు అందుతుంది. అందగానే గడియ తీసి ఉంచు.

వీధి వింటుందని భయపెట్టావు. విననీ. కిటికీలు రెండూ తెరిచిపెట్టు.

నీ తమ్ముడు